వైట్ కాలర్ నేరాలను కఠిన జైలు శిక్షలు ఆపగలవా? తరచుగా అడిగే ప్రశ్నలు

పెద్ద కుంభకోణం బయటపడిన ప్రతిసారీ ఒకటే మాట వినిపిస్తుంది: ‘వీళ్లను ఇరవై ఏళ్లు లోపల పడేస్తేగానీ మిగతావాళ్లకు బుద్ధి రాదు.’ కోపం న్యాయమైనదే. శిక్ష పెరిగితే మోసం తగ్గుతుందన్న నమ్మకాన్ని మాత్రం కాస్త తరచి చూడాలి.

సూటిగా చెప్పండి: శిక్ష పెంచితే మోసాలు తగ్గుతాయా?

జైలు అనేది ఒకటి ఉందన్న భయం పనిచేస్తుంది. ఐదేళ్ల శిక్షను ఇరవై ఏళ్లకు పెంచితే ఆ భయం నాలుగింతలు అవుతుందనడానికి ఆధారం దొరకదు. దొరికిపోతానేమోనన్న అనుమానం మనిషిని వెనక్కి లాగినంతగా, దొరికాక ఎన్నేళ్లు పడతాయన్న లెక్క లాగదు. ఇటలీకి చెందిన తత్వవేత్త చేజరే బెకరియా 1764లోనే ఈ మాట అన్నాడు: శిక్ష ఎంత క్రూరమైనదన్నదాని కంటే, అది ఎంత తప్పనిసరిగా పడుతుందన్నదే నేరాన్ని ఆపుతుందని. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయానికి చెందిన డేనియల్ నేగిన్ దశాబ్దాల పరిశోధనలను జల్లెడపట్టి తేల్చింది కూడా దాదాపు అదే. దొరికితే దొంగ, దొరక్కపోతే దొర అన్న సామెత ఈ రెండింటి సారాంశాన్ని ఎప్పుడో చెప్పేసింది.

వైట్ కాలర్ నేరం అంటే ఏవేవి?

దొంగ లెక్కలు, నిధుల మళ్లింపు, లంచం, కంపెనీ లోపలి రహస్యాలు తెలుసుకుని షేర్లు కొని అమ్మే ఇన్‌సైడర్ ట్రేడింగ్, పన్ను ఎగవేత, పాత మదుపరులకు కొత్తవాళ్ల డబ్బు పంచే పోంజీ పథకాలు, కంపెనీలు కుమ్మక్కై ధరలు నిర్ణయించడం వంటివి. కత్తి, తుపాకీ ఉండవు. హోదా, నమ్మకం ఉంటాయి. ఈ పేరును 1939లో అమెరికా సామాజిక శాస్త్రవేత్త ఎడ్విన్ సదర్‌ల్యాండ్ వాడుకలోకి తెచ్చాడు. అప్పటిదాకా నేరం అంటే పేదరికంలోంచి పుట్టేదని చాలామంది పండితులు నమ్మేవారు.

వీళ్లు చదువుకున్నవాళ్లు, లెక్కలు తెలిసినవాళ్లు. శిక్ష పెరిగితే లాభనష్టాలు బేరీజు వేసుకోరా?

ఆర్థికవేత్త గ్యారీ బెకర్ 1968లో సరిగ్గా ఇలాగే వాదించాడు. దొరికే అవకాశాన్ని శిక్ష తీవ్రతతో హెచ్చవేస్తే వచ్చేది నేరానికి అయ్యే ఖర్చు; అది లాభం కంటే ఎక్కువైతే మనిషి నేరం చేయడు. ఆవేశంలో కత్తి దూసేవాడికి ఈ సూత్రం వర్తించకపోయినా, బ్యాలెన్స్ షీటు చదవగలిగేవాడికైనా వర్తించాలి కదా? ఆచరణలో అక్కడే తేడా కొడుతుంది.

కార్పొరేట్ మోసం ‘ఇవాళ నేరం చేద్దాం’ అన్న నిర్ణయంతో మొదలవడం అరుదు. ఒక కంపెనీ త్రైమాసిక ఫలితాలు ప్రకటించాలి. అమ్మకాలు అంచనాకు ఓ పిసరు తగ్గాయి. జనవరి 4న గోదాము దాటిన సరుకు బిల్లుకు డిసెంబరు 30 తేదీ వేస్తారు. ఐదు రోజుల తేడా, అంతే. సరుకు నిజమైనదే, కొన్నవాడూ ఉన్నాడు, డబ్బూ వస్తుంది. ‘వచ్చే త్రైమాసికంలో సర్దేద్దాం’ అనుకుంటారు. కానీ ఆ అమ్మకాన్ని ఇప్పుడే వాడేసుకున్నారు కాబట్టి వచ్చే త్రైమాసికం లోటుతోనే మొదలవుతుంది. ఈసారి రెండు బిల్లుల తేదీలు మార్చాలి, ఆ తర్వాత అసలు లేని సరుకుకే బిల్లు పుట్టించాలి. ఈ వరసలో ఏ మెట్టు దగ్గర ఆగి ఆ అధికారి శిక్షాస్మృతి తెరిచి చూస్తాడు? మొదటి మెట్టు దగ్గర అది నేరమనిపించదు. పదో మెట్టు దగ్గర ఆపితే బయటపడుతుంది, ఆపకపోతే ఇంకొన్నాళ్లు దాగుతుంది. అప్పటికి ఐదేళ్లా ఇరవై ఏళ్లా అన్నది అతని నిర్ణయాన్ని మార్చదు. పైగా శిక్ష ఎంత పెద్దదైతే ఒప్పుకోకుండా నెట్టుకురావడానికి అంత బలమైన కారణం దొరుకుతుంది. శిక్షలు పెంచమనేవాళ్లు ఈ చివరి సంగతిని బొత్తిగా పట్టించుకోరు.

2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ అధిపతి రామలింగరాజు రాసిన లేఖలో ఉన్నది ఈ కథే. చిన్న తేడాగా మొదలైనది ఏళ్లు గడిచేకొద్దీ అదుపు తప్పిందని, పులి మీద స్వారీలా దిగే దారి తెలియలేదని ఆయన రాశారు. అప్పటికి పుస్తకాల్లో ఉన్నట్టు చూపిన, నిజానికి లేని నగదు, బ్యాంకు నిల్వలు 5,040 కోట్ల రూపాయలు.

నమ్మకద్రోహం కేసుల్లో జైళ్లలో ఉన్నవారిని కలిసి మాట్లాడిన అమెరికా నేరశాస్త్రవేత్త డొనాల్డ్ క్రెసీ 1953లో ఇలాంటి సంగతే గమనించాడు. ఎవరితోనూ చెప్పుకోలేని డబ్బు ఇబ్బంది, చేతికందిన అవకాశం, ‘ఇది దొంగతనం కాదు, అప్పు మాత్రమే’ అన్న సమర్థన కలిసినప్పుడు నిజాయితీపరుడిగా పేరున్న మనిషి కూడా జారిపోతాడు. హార్వర్డ్ బిజినెస్ స్కూల్‌కు చెందిన యూజీన్ సోల్టెస్ ఈ మధ్యకాలంలో శిక్షపడిన దాదాపు 50 మంది అధికారులతో మాట్లాడితే, కూర్చుని లాభనష్టాలు లెక్కగట్టినవాళ్లు పెద్దగా కనిపించలేదు.

ఎన్‌రాన్ తర్వాత అమెరికాలో శిక్షలు భారీగా పెంచారు కదా. ఏమైంది?

ఈ చర్చ మొత్తానికి ఇదే అన్నిటికన్నా పనికొచ్చే ఉదాహరణ. దొంగ లెక్కలు బయటపడి ఎన్‌రాన్, వరల్డ్‌కామ్ అనే పెద్ద కంపెనీలు కూలాక 2002 జులైలో సార్బేన్స్-ఆక్స్‌లీ చట్టం వచ్చింది. తపాలా, టెలిఫోన్ మార్గాల్లో చేసే మోసాలకు గరిష్ఠ శిక్ష ఐదేళ్ల నుంచి ఇరవై ఏళ్లకు పెరిగింది. అది కాగితం మీదే మిగిలిపోలేదు కూడా. వరల్డ్‌కామ్ అధిపతి బెర్నార్డ్ ఎబర్స్‌కు 2005 జులైలో 25 ఏళ్లు పడ్డాయి. ఎన్‌రాన్ మాజీ సీఈఓ జెఫ్రీ స్కిల్లింగ్‌కు 2006 అక్టోబరులో 24 ఏళ్ల 4 నెలలు. పత్రికల మొదటి పేజీల్లో చేతికి బేడీలు పడ్డ ఫొటోలు. ఇంతకంటే గట్టి హెచ్చరిక ఏముంటుంది?

ఆ ఫొటోలు అచ్చవుతున్న రోజుల్లోనే, అదే దేశంలో, బెర్నార్డ్ మేడాఫ్ తన పోంజీ పథకాన్ని నిశ్చింతగా నడుపుతున్నాడు. ఆపలేదు, తగ్గించలేదు. ఎబర్స్ శిక్ష గురించి తెలియదని అనుకోలేం. అతను స్టాక్ మార్కెట్‌లోనే పుట్టిపెరిగినవాడు.

ఇక 2006 మే నెలలో జరిగింది చూడండి. ఫిర్యాదుల మీద మార్కెట్ నియంత్రణ సంస్థ ఎస్‌ఈసీ మేడాఫ్‌ను పిలిచి వాంగ్మూలం తీసుకుంది. షేర్లు ఎక్కడ జమై ఉన్నాయని అడిగితే, షేర్లను భద్రపరిచే సంస్థ అయిన డిపాజిటరీలోని తన ఖాతా నంబరు ఇచ్చాడు. అది శుక్రవారం. సోమవారం పొద్దున్నే వాళ్లు డిపాజిటరీకి ఒక్క ఫోన్ చేస్తారు, అక్కడ షేర్లేమీ లేవని తేలిపోతుంది, ఇక తన కథ ముగిసినట్టేనని అనుకున్నాడట. తర్వాత జైల్లో ఉండగా ఆ సంస్థ తనిఖీ విభాగానికి తానే చెప్పిన మాట ఇది. సోమవారం వచ్చింది. ఫోన్ మాత్రం వెళ్లలేదు. హ్యారీ మార్కోపోలోస్ అనే విశ్లేషకుడు ఈ లాభాలు గణితపరంగానే అసాధ్యమని 2000 నుంచీ రాస్తూనే ఉన్నాడు. చివరికి 2008 డిసెంబరులో పథకం కూలింది, అదీ దర్యాప్తు వల్ల కాదు. ఆర్థిక సంక్షోభంలో మదుపరులంతా ఒక్కసారిగా డబ్బు వెనక్కి అడిగారు, మేడాఫ్ కొడుకులకు నిజం చెప్పాడు, వాళ్లు అధికారులకు చెప్పారు.

2009 జూన్‌లో అతనికి 150 ఏళ్లు పడ్డాయి. అప్పటికి వయసు 71. 15 ఏళ్లు వేసినా 150 వేసినా అతనికి తేడా ఏమిటి? 2021 ఏప్రిల్‌లో జైల్లోనే చనిపోయాడు. నా దృష్టిలో ఆ 150 అంకె కంటే, చేయని ఆ ఫోన్ కాల్ ఖరీదే ఎక్కువ.

శిక్షలకు భయపడి ఆగిపోయినవాళ్లు లెక్కల్లోకి రారు కదా?

రారు. జరగని మోసానికి రికార్డు ఉండదు, అందుకే ఈ రంగంలో ఎవరి మాటైనా కొంత జాగ్రత్తగానే వినాలి. సార్బేన్స్-ఆక్స్‌లీ వల్ల ఎందరో అధికారులు సంతకం పెట్టేముందు ఒకసారి ఆగి ఉండొచ్చు. అయితే ఆ చట్టం శిక్షలు పెంచడంతో పాటు ఆడిటర్ల మీద కొత్త పర్యవేక్షణ సంస్థను పెట్టింది, ఖాతాలకు సీఈఓలు స్వయంగా పూచీపడేలా చేసింది. ఆగినవాళ్లు దేన్ని చూసి ఆగారో విడదీసి చెప్పడం కష్టం.

మోసగాడు దొరికే అవకాశం ఎంత?

అనుకున్నదానికంటే చాలా తక్కువ. అలెగ్జాండర్ డైక్, అడేర్ మోర్స్, లుయీజీ జింగాలెస్ అనే ఆర్థికవేత్తల అంచనా ప్రకారం అమెరికాలో పెద్ద కంపెనీల మోసాల్లో బయటపడేవి మూడో వంతు మాత్రమే. బయటపడినవాటిలోనూ కొన్నే కోర్టు మెట్లెక్కుతాయి, వాటిలోనూ కొన్నింటిలోనే వ్యక్తుల మీద కేసు పెడతారు. ప్రతి మెట్టు దగ్గరా జారిపోయేది ఎంతోకొంత ఉంటుంది. అన్నీ దాటాక చివర ఉన్న శిక్షను ఎంత పెంచినా, మోసగాడి కళ్లకు అది దూరపు కొండే.

మరణశిక్షే పెడితే?

పెట్టి చూశారు. ఇంగ్లండ్‌లో ఒకప్పుడు దొంగ సంతకానికీ దొంగ నోటుకూ ఉరే. 1797లో బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ బంగారం చెల్లింపులు ఆపేసి, ఒక పౌండు, రెండు పౌండ్ల చిన్న నోట్లు విడుదల చేసింది. అవి నాసిరకంగా ఉండటంతో నకలు తీయడం సులువైంది. ఆ తర్వాతి పాతికేళ్లలో దొంగనోట్ల కేసుల్లో 300 మందికి పైగా ఉరికంబమెక్కారు. అంతమందిని ఉరితీసినా నకిలీ నోట్లు ఆగలేదు.

ఆ తర్వాత జరిగినది ఇంకా విచిత్రం. శిక్ష అంత ఘోరంగా ఉండేసరికి జ్యూరీలు దోషి అని చెప్పడానికి వెనకాడాయి. మోసపోయిన వ్యాపారులు సైతం ఒక గుమాస్తా ప్రాణం తీసిన పాపం మనకెందుకని ఫిర్యాదే చేసేవారు కాదు. కాగితం మీద అత్యంత కఠినమైన చట్టం, ఆచరణలో దొంగకు రక్షణ కవచమైంది. చివరికి 1830లో బ్యాంకర్లే పార్లమెంటుకు అర్జీ పెట్టుకున్నారు: మా ఆస్తికి రక్షణ కావాలి, దయచేసి ఈ ఉరిశిక్ష తీసేయండి అని. ఫోర్జరీ వల్ల నష్టపోయేది వాళ్లే. శిక్ష తగ్గించమన్నదీ వాళ్లే. ఫోర్జరీకి చివరి ఉరి 1829లో పడింది. 1837 నాటికి ఆ శిక్ష పూర్తిగా రద్దయింది.

మన కాలానికి వస్తే, చైనాలో హువారోంగ్ ఆర్థిక సంస్థ మాజీ చైర్మన్ లై షియావ్‌మిన్‌ను లంచాల కేసులో దోషిగా తేల్చి, 2021 జనవరిలో మరణశిక్ష అమలు చేసేశారు. అతను లంచాలు తిన్నది 2008 నుంచి 2018 దాకా; ఆ పదేళ్లూ చట్టంలో మరణశిక్ష ఉండనే ఉంది. వియత్నాంలో స్థిరాస్తి వ్యాపారి ట్రూంగ్ మీ లాన్‌కు బ్యాంకు నిధులు కాజేసిన కేసులో 2024 ఏప్రిల్‌లో మరణశిక్ష వేశారు. ఏడాది తిరిగాక, 2025లో, ఆ దేశమే నిధుల స్వాహాకు మరణశిక్షను చట్టం నుంచి తొలగించింది.

అయితే జైలు అవసరమే లేదా? జరిమానాలు చాలా?

ఆ మాట అనడం లేదు. జరిమానాల మీద నాకు బొత్తిగా నమ్మకం లేదు. కంపెనీ మీద పడిన జరిమానాను చెల్లించేది చివరికి వాటాదారులు. సంతకం పెట్టిన చెయ్యి పదిలంగా ఉంటుంది. మాదకద్రవ్య ముఠాల సొమ్ము తన ఖాతాల ద్వారా పారుతుంటే అడ్డుకోలేకపోయిన హెచ్‌ఎస్‌బీసీ బ్యాంకు 2012లో 190 కోట్ల డాలర్లు కట్టి ఒడ్డున పడింది. ఆ ఒప్పందంలో జైలుకెళ్లిన అధికారి ఒక్కడూ లేడు. ఇలాంటివి చూసిన మేనేజరు నేర్చుకునే పాఠం: ఇదొక వ్యాపార ఖర్చు.

హోదా, పరువు, కుటుంబం ముందు తలెత్తుకుని తిరగడం ముఖ్యమైనవాళ్లకు ఆరు నెలల జైలైనా చాలా పెద్ద విషయం. అందుకే ఈ నేరాల్లో చిన్న శిక్షకు, మిగతా నేరాల్లో లేని బలం ఉంటుంది. షరతు ఒక్కటే: అది నిజంగా పడాలి. 2008 సంక్షోభం తర్వాత ఐస్‌లాండ్ ప్రత్యేక ప్రాసిక్యూటర్‌ను పెట్టి పెద్ద బ్యాంకుల అధిపతులనే బోనెక్కించింది. వాళ్లకు పడిన శిక్షలు ఐదారేళ్లు దాటలేదు, కానీ వెళ్లాల్సినవాళ్లు వెళ్లారు. ఇరవై ఏళ్ల శిక్ష రాసిపెట్టుకున్న అమెరికాలో అదే సంక్షోభానికి సంబంధించి జైలుకెళ్లిన వాల్‌స్ట్రీట్ పెద్ద అధికారి ఒకే ఒక్కడు, అదీ 30 నెలలు.

జైలుకు ఇంకో ఉపయోగం ఉంది. కుమ్మక్కైనవాళ్లను విడదీయడానికి అది పనికొస్తుంది. ధరలు కూడబలుక్కునే కంపెనీల విషయంలో అమెరికా 1993లో క్షమాభిక్ష విధానాన్ని మార్చింది: ముందుగా వచ్చి చెప్పినవాళ్లకు, వాళ్ల ఉద్యోగులకు కేసు ఉండదు, రెండోవాడికి ఆ అదృష్టం లేదు. అప్పటి నుంచి ముఠాలో ప్రతివాడూ పక్కవాడి వైపు అనుమానంగా చూడక తప్పలేదు. అప్రూవర్‌గా మారడానికి అక్కడ జైలు భయమే ఇంధనం. అంటే శిక్ష తీవ్రత కూడా, పట్టుబడే అవకాశాన్ని పెంచే పనికి వాడినప్పుడే విలువ తెచ్చుకుంటోంది.

జైలుకెళ్లి వచ్చినవాళ్లు మళ్లీ అదే పని చేస్తారా?

నేరశాస్త్రవేత్త డేవిడ్ వైస్‌బర్డ్, అతని సహచరులు 1995లో వెలువరించిన అధ్యయనంలో, ఇలాంటి నేరాల్లో జైలుకెళ్లినవారినీ జైలు పడనివారినీ పదేళ్లపాటు గమనించారు. మళ్లీ అరెస్టు కావడంలో రెండు గుంపుల మధ్య చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు.

తీర్పులు ఆలస్యం కావడం వల్ల ఏమవుతుంది?

నేరానికీ శిక్షకూ ఉన్న లంకె తెగిపోతుంది. సత్యం లేఖ 2009లో బయటికొస్తే, దోషులని తీర్పు వచ్చింది 2015 ఏప్రిల్‌లో. ఏడేళ్ల జైలు అన్నారు. నెల రోజులు దాటగానే పైకోర్టు శిక్షను నిలిపేసి బెయిలిచ్చింది. స్కిల్లింగ్ 24 ఏళ్లు 2013లో 14 ఏళ్లకు తగ్గాయి, 2019లో బయటికొచ్చాడు. 1990లో పదేళ్లు పడిన వాల్‌స్ట్రీట్ బాండ్ల వ్యాపారి మైకేల్ మిల్కెన్ రెండేళ్లలోపే విడుదలై, 2020లో అధ్యక్షుడి క్షమాభిక్ష కూడా పొందాడు. పెద్ద అంకె పతాక శీర్షికలో కనిపిస్తుంది. తగ్గింపు లోపలి పేజీల్లో చిన్న వార్తవుతుంది. సామాన్య పాఠకుడు అది చూడకపోవచ్చు గానీ, ఇలాంటి పని చేయబోయేవాడూ అతని లాయరూ తప్పక చూస్తారు.

నష్టం ఎంతైతే శిక్ష అంత అన్నది సబబు కాదా?

వినడానికి బాగుంటుంది. అమెరికా శిక్షల మార్గదర్శకాలు ఈ పద్ధతిలోనే నడుస్తాయి. 2006లో అడెల్సన్ అనే కంపెనీ అధికారి కేసులో, షేరు ధర పడి మదుపరులకు కలిగిన నష్టాన్ని వాటిలోని పట్టిక ప్రకారం లెక్కేస్తే యావజ్జీవం తేలింది. న్యాయమూర్తి జెడ్ రేకాఫ్ దాన్ని పక్కనపెట్టి మూడున్నరేళ్లు వేశారు. షేరు ధర ఎంత పడిందన్నది మార్కెట్ చేతిలో ఉంటుంది; మోసగాడి దుర్బుద్ధికి అది కొలత కాదు.

మరి నిజంగా పనిచేసేది ఏమిటి?

దాచడం కష్టమయ్యేలా చూడటం. డెన్మార్క్‌లో 40 వేల మందికి పైగా పన్ను చెల్లింపుదారులతో ఒక పెద్ద ప్రయోగం చేసి ఫలితాలను 2011లో ప్రచురించారు. యజమాని, బ్యాంకు నేరుగా ప్రభుత్వానికి తెలియజేసే ఆదాయంలో ఎగవేత దాదాపు సున్నా. అదే మనుషులు స్వయంగా ప్రకటించుకోవాల్సిన ఆదాయం దగ్గర ఎగవేత బాగా కనిపించింది. దేశం అదే, చట్టం అదే. మారినది, ఇంకొకరికి తెలుసా లేదా అన్నదొక్కటే.

ఊరికే బెదిరిస్తే సరిపోదనడానికీ ఆధారముంది. 1995లో మినెసోటా రాష్ట్రం కొందరు పన్ను చెల్లింపుదారులకు ‘మీ రిటర్నులు నిశితంగా పరిశీలిస్తాం’ అని ఉత్తరాలు పంపింది. తక్కువ, మధ్యస్థ ఆదాయం ఉన్నవాళ్లు ఎక్కువ ఆదాయం చూపించారు. బాగా సంపన్నులు అంతకుముందు కంటే తక్కువ చూపించారు! మంచి సలహాదారులున్నవాడికి బెదిరింపు ఉత్తరం బేరసారాలకు ఆహ్వానంలా కనిపించి ఉంటుంది.

రెండోది, లోపలి మనుషుల నోరు తెరిపించడం. ధ్రువీకృత మోస పరిశోధకుల సంఘం 2024 నివేదికలో, సంస్థల్లో జరిగిన మోసాల్లో 43 శాతం ఎవరో ఉప్పందించడం వల్లే బయటపడ్డాయి. అందులో సగానికి పైగా ఉద్యోగులు ఇచ్చినవే. ఒక మోసం మొదలయ్యాక దొరకడానికి మధ్యస్థంగా 12 నెలలు పడుతోంది. అమెరికా 2010 చట్టం ప్రకారం, పది లక్షల డాలర్లు దాటిన వసూళ్లకు దారితీసిన సమాచారం ఇచ్చే ప్రజావేగులకు అందులో 10 నుంచి 30 శాతం వాటా ఇస్తారు. 2023లో ఒకే వ్యక్తికి 27.9 కోట్ల డాలర్లు దక్కాయి. ఈ అంకె విన్న అకౌంటెంటు పక్క గదిలో ఉన్నాడన్న ఆలోచన, ఏ మోసగాడికైనా చట్టంలోని ఇరవై ఏళ్ల కంటే దగ్గరి భయం.

మూడోది, చెప్పినవాళ్లను వేధించకపోవడం. జర్మనీలో చెల్లింపుల కంపెనీ వైర్‌కార్డ్ లెక్కల మీద అనుమానాలు రాసిన విలేకరుల మీదే 2019లో అక్కడి నియంత్రణ సంస్థ క్రిమినల్ ఫిర్యాదు చేసింది. ఏడాదికే ఆ కంపెనీ పుస్తకాల్లోని 190 కోట్ల యూరోలు అసలు లేవని తేలింది.

చిన్న దొంగకు ఏళ్లకేళ్లు, వీళ్లకు నెలలా? ఇదెక్కడి న్యాయం?

ఇది మంచి ప్రశ్న, నేరాలను ముందుగా ఆపడానికి సంబంధం లేని ప్రశ్న కూడా. వేలమంది జీవితకాలపు పొదుపును మింగినవాడికి, జేబు కొట్టినవాడికంటే తక్కువ శిక్ష పడితే ఏ సమాజానికైనా కడుపు మండుతుంది. ఆ కారణంతో పెద్ద శిక్ష కావాలంటే, అది ప్రతీకారం, న్యాయం, బాధితులకు గౌరవం అని చెప్పే అడగవచ్చు. ‘రేపటి మోసాలు ఆగిపోతాయి’ అన్న ముసుగు దానికి అక్కర్లేదు. ఆ ముసుగుతో ఒక ప్రమాదం కూడా ఉంది: శిక్ష పెంచడానికి ప్రభుత్వానికి పైసా ఖర్చవదు, సంతకం చాలు. ఖాతాలు చదవగల దర్యాప్తు అధికారులను నియమించడానికి డబ్బు, ఓపిక, ఏళ్ల శిక్షణ కావాలి. మొదటిది చేసి రెండోదాన్ని మరచిపోవడం చాలా చోట్ల మామూలే.

దోషి జైల్లో ఉంటే బాధితుల డబ్బు తిరిగొస్తుందా?

జైలు వల్ల రాదు, విడిగా వెంటపడాలి. మేడాఫ్ కేసులో మదుపరులు అసలుగా పోగొట్టుకున్నది సుమారు 1,750 కోట్ల డాలర్లు. కోర్టు నియమించిన ట్రస్టీ ఇర్వింగ్ పికార్డ్ ఏళ్ల తరబడి దావాలు వేసి, దొంగ లాభాలు తీసుకున్నవారి నుంచి, వారి వారసుల నుంచి, బ్యాంకుల నుంచి 1,400 కోట్ల డాలర్లకు పైగా రాబట్టారు. పోంజీ కేసుల్లో అంత రికవరీ చాలా అరుదు. సాధారణంగా ఆస్తుల జప్తు ఎంత త్వరగా జరిగితే అంత మిగులుతుంది. అరెస్టు వార్త వచ్చాక జప్తుకు నెలలు పట్టిన కేసుల్లో, డబ్బు అప్పటికే చేతులు మారి ఉంటుంది.